మనసు బాగలేదంటే యాడికి పోవాల?

డిగ్రీలో సైకాలజీ చదివితే ఏమొస్తుంది? చిప్పగిరిలో నిలబడి అడిగితే ఈ ప్రశ్నకు జవాబు కొంచెం వేరుగా వినపడుతుంది.

గుంతకల్లు స్టేషను బయట టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడండి. ‘సైకో’ అన్న మాట చెవిన పడకుండా గ్లాసు ఖాళీ కాదు. ఎవరినో తిట్టడం కాదది. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాత పరీక్షలు రెండూ గట్టెక్కినవాళ్ళకు చివర్లో కంప్యూటర్ మీద ఇంకో పరీక్ష ఉంటుంది. ఇక్కడి పిల్లల మాటల్లో దాని పేరు ‘సైకో టెస్టు’. గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం. పక్కనున్న చిప్పగిరి పల్లెల్లో ఇంటికొకడు కాకపోయినా వీధికొకడు రైల్వే ఉద్యోగానికి తయారవుతూనే ఉంటాడు. ‘రెండూ పాసైనా న్నా, సైకోలో పోయింది’ అనే దిగులు ఈ ఊళ్ళకు కొత్త కాదు.

ఆ పరీక్షలో రైలు గురించి ప్రశ్న ఉండదు. చూపించినవి గుర్తుపెట్టుకోవాలి. పేర్చిన ఇటుకల బొమ్మలో ఒక ఇటుకను మిగతావి ఎన్ని తాకుతున్నాయో చెప్పాలి. సూచన ఎలా ఇచ్చారో అలాగే చెయ్యాలి. ఇలాంటి ఒక్కో పరీక్షలోనూ విడివిడిగా కనీసం 42 ‘టి-స్కోరు’ రావాలి, ఏ వర్గానికీ సడలింపు లేదు. ఆ 42 నూటికి 42 కాదు. సగటును 50 అనుకుని, అక్కణ్ణుంచి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో పదేసి చొప్పున అడుగులు వేసి కొలిచే లెక్క అది. సగటు మనిషికి కాస్త కిందుగా గీసిన గీత. లక్నోలో రైల్వేవారి పరిశోధనా సంస్థ ఆర్డీఎస్‌ఓలో సైకో టెక్నికల్ డైరెక్టరేట్ అని ఒకటుంది. ఇలాంటి పరీక్షలు తయారుచేసి, ఈ గీతలు గీసేది అక్కడ. ఆ పని చేసేవాళ్ళు సైకాలజీ చదువుకున్నవాళ్ళు.

మా పిల్లలు ఏళ్ళ తరబడి ఆ గీత దగ్గర నిలబడుతూనే ఉన్నారు. గీత గీయడం కూడా ఒక ఉద్యోగమేనని మాత్రం ఏ ఇంట్లోనూ తలపుకు రాదు.

‘పిచ్చోళ్ళ సదువా పాపా?’

ఇంటర్ అయిన అమ్మాయి ఇంట్లో బి.ఏ. సైకాలజీ అని నోరు తెరిస్తే మొదట పడే మాట ఇదే. రెండోది, ‘అయితే నా మనసులో ఏముందో చెప్పు సూద్దాం’. మూడోది జీతం గురించి. మూడూ న్యాయమైన ప్రశ్నలేనని నా అభిప్రాయం, మొదటిదాన్ని అడిగే తీరు తప్ప.

సైకాలజీ అంటే మన జనానికి తెలిసింది సినిమా దయతోనే. 2005లో ఒక్క వేసవిలోనే ‘చంద్రముఖి’, ‘అపరిచితుడు’ వచ్చి, ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులు కాపురం పెడతారని ఊరూరా చాటింపు వేశాయి. ఆ దెబ్బకు ‘స్ప్లిట్ పర్సనాలిటీ’ అన్నది కల్లాల దగ్గర కూడా వాడే మాటైంది. అంతకు ముందు తరానికి సైకాలజిస్టు అంటే బి.వి. పట్టాభిరామ్. ఇంద్రజాలం, హిప్నాటిజం, వ్యక్తిత్వ వికాసం మూడూ ఒకే వేదిక మీద చూపించిన మనిషి. ఇక విశ్వవిద్యాలయాల లోకంలో తెలుగువారి సైకాలజీకి పెద్ద పేరు తెచ్చిన ఆచార్యుడు కోనేరు రామకృష్ణారావు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి పోయి జె.బి. రైన్ దగ్గర అతీంద్రియ శక్తుల మీద పరిశోధన చేసి వచ్చి, 1960ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ‘సైకాలజీ, పారాసైకాలజీ’ శాఖకు పునాది వేశారు. తర్వాత అక్కడే వైస్ ఛాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. శాఖ బోర్డు మీదే పారాసైకాలజీ అని రాసుకున్నాక, మనసులో ఏముందో చెప్పమని ఊళ్ళో అవ్వ అడిగితే తప్పు పట్టడం ఎందుకు?

చదువుగా ఇది మనకు మరీ కొత్తదేం కాదు. జర్మనీలో విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల తెరిస్తే, కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916కే సైకాలజీ శాఖ వచ్చింది. మైసూరులో 1924లో. మన నవలాకారులు కూడా ఆలస్యం చెయ్యలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1940ల నాటివి. ఆలస్యమైంది డిగ్రీ కాలేజీల్లోనే. ఆదోని వైపు పిల్లలకు డిగ్రీ అంటే బీకాం కంప్యూటర్సు, బీఎస్సీ, లేకపోతే హిస్టరీ ఎకనామిక్స్ పాలిటిక్స్ కలిపిన బి.ఏ. మనసు గురించిన సబ్జెక్టు ఎదురయ్యేది బీఈడీలో చేరాకే. అక్కడ ఎడ్యుకేషనల్ సైకాలజీ తప్పనిసరి. టెట్ కోసం మనస్తత్వవేత్త పియాజే పేరు బట్టీ పట్టిన టీచర్లు మా మండలంలో ప్రతి బడిలోనూ ఉన్నారు.

బీడీతో కొలిచిన గీత

డిగ్రీ సైకాలజీలో ఏముంటుందో ఊళ్ళో చెప్పడానికి నాకు తెలిసిన దగ్గరి దారి ఒకటుంది. చిప్పగిరి బస్టాండు అరుగు మీద నోటు పుస్తకంలో రెండు గీతలు గీశాను. రెండూ ఒకే పొడవు. ఒకదాని రెండు కొసలకూ బాణం ములుకులు పెట్టాను. రెండోదానికి ములుకులు తిరగేసి, పంగలకర్రలా బయటికి విచ్చుకునేలా గీశాను. పక్కన కూర్చున్న పెద్దాయన్ను ఏది పొడుగని అడిగితే, ఆలోచించకుండా పంగలున్నదాని మీద వేలు పెట్టాడు. రెండూ ఒకటేనంటే నమ్మలేదు. జేబులోంచి బీడీ తీసి ఒక గీత మీద ఆనించి, గోటితో గుర్తు పట్టుకుని, రెండోదాని మీదికి జరిపాడు. సరిపోయింది. బీడీ తీసేసి మళ్ళీ చూశాడు. మళ్ళీ పంగలదే పొడుగ్గా ఉంది. ‘కొల్సినా పొడుగే కనపడతాది గదప్పా’ అన్నాడు కొంచెం చిరాగ్గా.

అదే మొదటి పాఠం. నిజం తెలిసినంత మాత్రాన కన్ను దారికి రాదు. 1889లో ఫ్రాంజ్ మ్యూలర్-లయర్ గీసిన ఈ బొమ్మతో బి.ఏ. విద్యార్థి ప్రాక్టికల్స్ మొదలవుతాయి. ఎదురుగా కూర్చున్నవారు ఎంత పొరబడ్డారో మిల్లీమీటర్లలో కొలిచి, సగటు తీసి, రికార్డులో రాయాలి. ఆ తర్వాత జ్ఞాపకశక్తి, నేర్చుకోవడం, స్పందించే వేగం. కథలు వింటామని చేరినవాళ్ళకు స్టాటిస్టిక్స్ పేపరు కనపడగానే గుండె జారుతుంది. సగం మంది సైకాలజీని తిట్టుకునేది ఆ పేపరు దగ్గరే. సైకాలజీ చదవనివాడికీ చదివినవాడికీ తేడా తెచ్చేది కూడా ఆ పేపరే. టి-స్కోరు 42 అంటే ఏమిటో అర్థమయ్యేది అక్కడ.

ఆ గీతల కథ అక్కడితో ఆగలేదు. మార్షల్ సీగల్, ఆయన సహచరులు లోకంలో అనేక తెగల దగ్గరికి ఈ బొమ్మలు పట్టుకుపోయి 1966లో పుస్తకం వేశారు. అమెరికా పట్టణంలో జనం బాగా మోసపోయారు. కలహారి ఎడారిలో వేటాడి బతికేవాళ్ళు దాదాపు మోసపోనేలేదు. వడ్రంగం చేసిన మూలల మధ్య, గోడల మధ్య పెరిగిన కంటికి ఒక అలవాటు, బయలులో పెరిగిన కంటికి ఇంకో అలవాటు అని వాళ్ళ ఊహ. ఆ ఊహ మీద ఇప్పటికీ వాదాలున్నాయి. నాకు ముఖ్యమనిపించేది వేరు. పాఠ్యపుస్తకంలో ‘మనిషి’ అని రాసినచోట తరచుగా ఉండేది అమెరికా కాలేజీలో చదివే కుర్రాడు. చిప్పగిరి పెద్దాయన బీడీ ఆ పుస్తకంలోకి ఇంకా ఎక్కలేదు.

మెట్లు, మధ్యలో గేటు

ఇప్పుడు ఇంట్లో అడిగే మూడో ప్రశ్న, జీతం సంగతి. మూడేళ్ళ డిగ్రీ చేతికొస్తే ఎవరూ సైకాలజిస్టు కారు. ఈ మాట కాలేజీ ప్రచార కాగితాల్లో ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పాలి. మందులు రాసే సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చేసి ఆ పైన ఎండీ చేసిన డాక్టరు. ఆ దారి ఇంటర్ బైపీసీ దగ్గరే వేరైపోతుంది. ఆసుపత్రిలో పరీక్షలు పెట్టి, మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ పేరుకు నిర్వచనం రాసిపెట్టింది. ఇన్నాళ్ళూ ఆ దారి డిగ్రీ, పీజీ, ఆపైన రెండేళ్ళ ఎం.ఫిల్. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. 2020 జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్.ను ఎత్తేయమంది. క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ కొంతకాలం మినహాయింపు ఇచ్చింది. దాని బదులు కొత్త కోర్సులు వస్తున్నాయి. నిబంధనలు కదులుతున్న కాలమిది. డబ్బు కట్టేముందు ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో సొంత కళ్ళతో చూసుకోవాల్సిందే. ఆన్‌లైన్‌లో మూడు నెలల సర్టిఫికెట్ కొనుక్కుని గుమ్మానికి బోర్డు తగిలించే రకాలకు మన పట్టణాల్లో లోటు లేదు.

ఎక్కడ చదవాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది, నాలుగో ఏడు ఆనర్స్. సైకాలజీ మేజర్‌గా కావాలంటే మాత్రం పెద్ద ఊళ్ళ బస్సెక్కాలి. హైదరాబాద్ బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, బెంగళూరులో క్రైస్ట్ లాంటివి ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ళ హెల్త్ సైకాలజీ ఉంది. పీజీకి తిరుపతి ఎస్వీయూ, ఉస్మానియా, ఆంధ్ర. ఇల్లు కదల్లేని పిల్లలకు 2025 దాకా ఇగ్నో ఉండేది. అక్కడ ఏ డిగ్రీ చేసినవారైనా ఎంఏ సైకాలజీలో చేరగలిగేవారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసేవాళ్ళను తయారుచేస్తుంది. మా పల్లెల్లో అలాంటి బిడ్డ ఉన్న తల్లి మొదట తెలుసుకోవాల్సిన పేరు అది. కడపట తెలుస్తోంది.

ఆర్‌సీఐ గేటు దాటలేనివాళ్ళు, దాటాలనుకోనివాళ్ళు కూడా ఖాళీగా ఏం లేరు. కంపెనీల్లో మానవ వనరుల విభాగం, మార్కెట్ సర్వేలు, యాప్‌లో మీట ఏ మూలన ఉంటే వేలు అక్కడికి పోతుందో చూసే ఉద్యోగాలు బెంగళూరు పుస్తకంలోనివి. వాటి గురించి నగరాల పత్రికలు బోలెడు రాస్తాయి, నేను వదిలేస్తాను. సైన్యం ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీలో ముగ్గురు పరీక్షకుల్లో ఒకరు సైకాలజిస్టు. సివిల్స్‌లో సైకాలజీ ఆప్షనల్. ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షకు ముందూ వెనకా మాట్లాడే ఐసీటీసీ కౌన్సెలర్, ఫ్యామిలీ కోర్టులో మొగుడూపెళ్ళాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునే కౌన్సెలర్, బాలల సంరక్షణ కేంద్రాల్లో, సఖి కేంద్రాల్లో ఉండే కౌన్సెలర్ – సైకాలజీ, సోషల్ వర్క్ లాంటివి చదివినవాళ్ళకు ఈ పనులు. చాలావాటికి కాంట్రాక్టు జీతమే. ఆ సంగతి దాచి ఎవరినీ ఈ చదువులోకి పిలవకూడదు.

పక్క జిల్లా చేసి చూపించింది

ఇంతకూ చిప్పగిరిలో ఈ చదువు గురించి ఎందుకు మాట్లాడాలి? కారణం యాభై అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టేదాకా మేం బళ్ళారి జిల్లా వాళ్ళం. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. చుట్టరికాలు, సంతలు, భాష మాత్రం గీతకు రెండు వైపులా ఉండిపోయాయి. చిప్పగిరిలో 1755లో దేహం చాలించిన హరిదాసు విజయదాసుల ఆరాధనకు ఏటా కార్తీకంలో వచ్చేవాళ్ళలో సగం నోళ్ళలో కన్నడమే.

దేశంలో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కాగితం మీద మొదలైంది. దాన్ని ఒక జిల్లాలో నడిపి చూడాలనుకున్న బెంగళూరు నిమ్‌హాన్స్, సుమారు 20 లక్షల జనాభా ఉన్న బళ్ళారిని ఎంచుకుంది. 1980ల నడుమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. జ్వరం మందుల పక్కనే మూర్ఛకు, మతిభ్రమణకు, దిగులుకు నాలుగైదు రకాల మందులు పెట్టారు. జిల్లా బృందంలో సైకియాట్రిస్టుతోపాటు సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఉన్నారు. మనసు రోగమొస్తే పెద్దాసుపత్రికి మోసుకుపోనక్కర్లేదని, పల్లె డిస్పెన్సరీలోనే చాలావరకు చూడొచ్చని ఆ ప్రయోగం చూపించింది. ‘బళ్ళారి నమూనా’ అని దేశమంతా పేరు పొందింది. 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టింది అదే అచ్చులో. మన వైపు నుంచి మెదక్‌కు చోటు దక్కింది. 1953లో గీత ఇంకోలా గీసి ఉంటే, దేశం మొత్తానికి దారి చూపిన పనిలో చిప్పగిరి దవాఖానా కూడా ఉండేదని నాకు ఎప్పుడూ ఒక చిన్న కుళ్ళు.

లెక్కలోకి రాకపోవడం మనకు అలవాటైపోయింది కూడా. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివాళ్ళే. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

ఈ ఊళ్ళలో అడగాల్సినవి బోలెడున్నాయి. ఖరీఫ్ పంట తేలిపోయిందంటే ఆదోని డివిజన్ పల్లెలు సుగ్గికి లేస్తాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని లారీ ఎక్కుతారు. ఉగాది దగ్గర పడితేగానీ రారు. పిల్లల్ని తీసుకుపోతే బడి పోతుంది, వదిలిపోతే అవ్వ దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తల్లికి దూరమైన యూరప్ పిల్లల గురించి జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాశాడు. తల్లిగానీ, తల్లి స్థానంలో విడవకుండా ఉండే మనిషిగానీ బిడ్డకు కావాలన్నాడు. బి.ఏ. సైకాలజీలో విద్యార్థులు ఈ పేరు చదువుతారు. ఏటా మూడు నాలుగు నెలలు తల్లి స్థానంలోకి వచ్చి, ఉగాదికి మళ్ళీ పక్కకు తప్పుకునే అవ్వ ఆ సిద్ధాంతంలో ఎక్కడ కూర్చుంటుంది? నాలుగో ఏడు ఆనర్స్ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి ప్రశ్న హైదరాబాద్ పిల్లలకు దొరకదు. దొరికినా, అవ్వ వాళ్ళతో మాట్లాడదు.

భాష దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. దిగులు జబ్బును పసిగట్టడానికి లోకమంతా వాడే చిన్న ప్రశ్నాపత్రం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, పోయిన రెండు వారాల గురించి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పదిగానీ, ఆ పైనగానీ వస్తే జాగ్రత్తగా చూడాలి. మొదటి ప్రశ్నను పుస్తకాల తెలుగులో ‘పనుల పట్ల ఆసక్తి లేదా ఆనందం తగ్గడం’ అని చదివితే, కూలికి పోయే మనిషి మన మొహం చూస్తుంది. పనంటే ఆసక్తి ఏమిటి, కూలి గదా. అదే ‘యాదాని మీదా మనసు పోకుండా ఉందామ్మా?’ అని అడగండి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ‘సగానికన్నా ఎక్కువ రోజులు’ అన్న జవాబు గడి ఇంకో తలనొప్పి. ఇక్కడ ఆరోగ్యాన్ని రోజుల్లో లెక్కపెట్టరు, సంతకు పోయిన వారం, పోని వారం అని చెప్తారు. దిగులని కూడా అనరు. గుండెల్లో బరువు, ఒళ్ళంతా నొప్పులు, తల తిప్పు, గాలి సోకింది. మనసు నొచ్చినప్పుడు ఒంటి మీదికి చూపించే ఈ మాటల్ని విప్పడానికి నిఘంటువు లేదు, ఈ నేల మీద పెరిగిన చెవి కావాలి.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్‌కు 14416 నొక్కితే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ ఫోను అవతల కూర్చునేవాళ్ళలో ఈ చదువు చదివినవాళ్ళూ ఉంటారు. సగం కన్నడం కలిపి మాట్లాడే మా మనిషి ఫోను చేస్తే, అటువైపు కోస్తా తెలుగు ఎంతవరకు అందుకుంటుందన్నది నా సందేహం.

ఆ ప్రశ్నాపత్రంలో తొమ్మిదోది చావు గురించి. బతికుండటం కన్నా పోవడం మేలనిపించిందా అని. అడగకుండా దాటెయ్యకూడదు, అడిగితే ఆలోచన పుట్టిస్తామన్న భయమూ వద్దని శిక్షణలో గట్టిగా చెప్తారు. మా వైపు ఆ ప్రశ్నకు చాలామంది ముసలమ్మల జవాబు ఒకటే: ‘ఆ దేవుడు నన్నింకా పిల్చుకోకుండా ఉండాడే నాయనా’. చుట్ట కాలుస్తూ, మనవరాలి జడ అల్లుతూ, నవ్వుతూ అనే మాట అది. పలకరింపుకు బదులుగా కూడా అంటారు. అదే మాటను సుగ్గికి పోయిన కొడుకు నుంచి రెండు నెలలుగా ఫోను రాని ముసలమ్మ, జడ అల్లకుండా, గోడవైపు తిరిగి కూడా అంటుంది. కాగితం మీద రెండూ ఒకే వాక్యం. ఒకచోట సున్నా చుట్టాలి, ఇంకోచోట మూడు చుట్టి, పెన్ను పక్కన పెట్టి, ఆ పూటకు అక్కడే కూర్చుండిపోవాలి.